కత్తెర బిళ్ల – తొమ్మిదో భాగం: ఇది డబ్బా, కాదా?

కొలిమిలో నిప్పు ఆరకముందే ఇనాక్ ట్రాంటర్‌ని పట్టుకుపోయారని చెప్పి పోయిన భాగం ఆపాను. సంకెళ్లు బిగిస్తున్న కానిస్టేబుల్ ఫైఫ్‌తో ఆయన, "కొంచెం వదులుగా వెయ్యి బాబూ. ఈ మణికట్లకి అలవాటే గానీ, వయసొచ్చింది" అన్నాడు. మా కొట్టు పెరట్లోంచి లివర్‌పూల్ వీధి మీదుగా నడిపించుకుపోతుంటే వీధివీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది.

కథ మధ్యలో అందుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మా హోబర్ట్ టౌన్‌కి లండన్ నుంచి ఓడల్లో అన్నీ వస్తాయి. బంగారం వస్తుంది, వెండి వస్తుంది, తాళాలొస్తాయి, బిషప్పులొస్తారు. షిల్లింగుకి పన్నెండు చొప్పున చెల్లే రాగి పెన్నీలు మాత్రం రావు. గజం రిబ్బను కొన్నవాడికి చిల్లర ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలి? అందుకని కొట్లవాళ్లే ఎవరి రాగిబిళ్లలు వాళ్లు కొట్టించుకున్నారు. ఆ బిళ్ల పట్టుకెళ్తే ఏ కొట్టుదైతే ఆ కొట్టువాళ్లు సరుకైనా ఇవ్వాలి, వెండైనా ఇవ్వాలి. ఊళ్లో మిగతావాళ్లు కూడా ఆ భరోసా మీదే తీసుకుంటారు. మా యజమానురాలు తిర్జా పెల్లోగారు భర్త పోయాక బట్టలకొట్టు ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. ఆవిడ బిళ్లకి ఒకవైపు కత్తెర, రెండోవైపు ఆవిడ పేరు. తిమింగిలాల వేటకి తిరిగి తిరిగి ముసలివైపోయిన ఓడల అడుగున తాపడం చేసిన రాగిరేకుల్ని కొని, కరిగించి, దాంతో చేయించింది.

చేసింది ఇనాక్. బర్మింగ్‌హాంలో అచ్చులు చెక్కిన చెయ్యి అది. పందొమ్మిదేళ్ల కిందట దొంగ షిల్లింగులు చేసి దొరికిపోయి యావజ్జీవం ఈ దీవిలో వచ్చిపడ్డాడు. షరతుల మీద విడుదలై ఏడేళ్లయింది. ఏ పని చేసి సంకెళ్లు వేయించుకున్నాడో అదే పనికి కూలిచ్చి పిలిచిన మొదటి మనిషి మా అమ్మగారు.

మూడు వారాలుగా ఊళ్లో పలచటి కత్తెర బిళ్లలు తిరుగుతున్నాయి. పేరు మాదే, బొమ్మ మాదే, రాగి మాత్రం మూడో వంతు తక్కువ. ఎదురు వరసలో చిల్లర కొట్టున్న ఆంబ్రోస్ డకెట్ వెళ్లి ఫిర్యాదిచ్చాడు. నేరం రుజువైతే ఇనాక్‌ని మళ్లీ పోర్ట్ ఆర్థర్ జైలుకి పంపిస్తారు. ఆయన వయసుకి అక్కణ్ణుంచి తిరిగి రావడమనేది ఉండదు.

నేను నోరా టాన్సీని. ఆ కొట్లో గల్లాపెట్టె దగ్గర నిలబడేదాన్ని. ఇదంతా నా కళ్లతో చూసింది.

* * *

శనివారం పొద్దున పదింటికే పోలీసు కచేరీ నిండిపోయింది. డకెట్ గిడ్డంగి కూలీలు ఇరవైమంది దాకా వెనక గోడకానుకుని నిలబడ్డారు. యజమాని స్వయంగా కోర్టుకొచ్చాడు కాబట్టి ఆ పూట పని లేదు. మా ఆయన మలకీ కూడా వాళ్లలోనే ఉన్నాడు. పంచదార బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం ఎడమదానికన్నా కిందికుంటుంది. గుంపులో ఎక్కడున్నా ఇట్టే పోల్చుకుంటాను. చెయ్యూపాను. ఆయన చూడలేదు.

మేజిస్ట్రేటుగారికి కీళ్లవాతం. ఎడమకాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని, ఆ నొప్పికి కారణం మేమే అన్నట్టు అందర్నీ చూశాడు.

డకెట్ లేచాడు. మీసాలకి మైనం రాసి మొనదేలుస్తాడాయన. ఆ మొనలతో పాటు మాట కూడా గుచ్చుకుంటుంది.

"అయ్యా, ఈ ట్రాంటర్ పాత నేరస్థుడు. చేసిన నేరం దొంగనాణేలు. అలాంటివాడికి ఈ పెల్లోగారు కొలిమిచ్చింది, మర ఇచ్చింది, రాగి ఇచ్చింది. వాడేం చేశాడు? పగలు ఈవిడకి మంచి బిళ్లలు కొట్టాడు, మిగిల్చిన రాగితో తనకి పలచటివి కొట్టుకున్నాడు. నా ఒక్క కొట్లోనే నలభై వచ్చిపడ్డాయి. ఇవిగో."

గుడ్డమూట విప్పి బల్లమీద గుమ్మరించాడు. ఆ చప్పుడు వినగానే ఇనాక్ మొహం చిట్లించాడు. పక్కనున్న నాకు ఆయన గొణుక్కోవడం వినబడింది. "రేకుడబ్బా మోత."

"పెల్లోగారూ, మీరు ఫిర్యాదుదారా, సాక్షా?" అనడిగాడు మేజిస్ట్రేటు.

మా అమ్మగారు లేచి నిలబడింది. పెద్ద ఎత్తు మనిషి కాదు. నల్ల గౌను, మెడలో వేలాడుతున్న కొలతల టేపు. కొట్లోంచి అలాగే వచ్చేసిందేమో అనుకున్నారు అందరూ. కావాలనే వేసుకొచ్చిందని నాకు తెలుసు. అది లేకపోతే ఆవిడకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు.

"రెండూ కాదండీ. ఆ బిళ్లల మీదున్న పేరు నాది. అందుకని వచ్చాను. ఒక్క ప్రశ్న అడగొచ్చా?"

"అడగండి."

"ఇనాక్ మీద నేరం దొంగనాణేలు చెయ్యడం. బాగానే ఉంది. అయితే ఆ బిళ్ల నాణెమేనా అండీ?"

మేజిస్ట్రేటు ఒక బిళ్ల తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "రాణిగారి బొమ్మేదీ?"

"లేదండి. కత్తెరుంది."

"చట్టం ప్రకారం రాణిగారి టంకశాలలో తయారైందే నాణెం. ఇది..." వెతుక్కున్నాడు. "ఇది మీ కొట్టు చీటీ లాంటిది. కాగితానికి బదులు రాగి."

"అంటే నాణెం కాదు."

"కాదు."

"నాణెం కానిదానికి దొంగనాణెం ఎలా పుడుతుందండీ?"

కచేరీలో ఎవరో కిసుక్కున నవ్వారు. డకెట్ ఎర్రబడ్డాడు.

"మాటల గారడీ! అయ్యా, ఊరంతా దీన్ని డబ్బనే వాడుతోంది. దీంతో రొట్టె కొంటున్నారు, బీరు కొంటున్నారు, చర్చి పళ్లెంలో వేస్తున్నారు. డబ్బు కాకపోతే ఏంటిది?"

మా అమ్మగారు ఆయన వైపు తిరిగింది. నాలుగేళ్లు ఆవిడ దగ్గర పనిచేశాను. గుడ్డ కొలిచేటప్పుడు కత్తెర పెట్టబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడూ అలాగే ఆగింది.

"అయితే ఇది డబ్బంటారు డకెట్‌గారూ."

"ముమ్మాటికీ!"

"సరే. డబ్బే అనుకుందాం. రాణిగారి అనుమతి లేకుండా డబ్బు తయారుచేసినవాళ్లని ఏం చెయ్యాలి? పోర్ట్ ఆర్థర్ పంపాలి. మొదట నన్ను పంపాలి, కొట్టించింది నేను కాబట్టి. నా పక్కన మిమ్మల్ని కూడా ఎక్కించాలి. టీ కెటిలు బొమ్మతో మీరు పై దేశంలో పదివేలు కొట్టించి తెప్పించారు. నేను కొట్టించింది అందులో సగం లేదు. పడవలో చోటు చాలకపోతే మీరే ముందెక్కండి."

ఈసారి నవ్వు ఆగలేదు. మేజిస్ట్రేటు సుత్తితో కొట్టాడు గానీ ఆయన పెదాలు కూడా ఓ పక్కకి వంగాయి.

"నేను... నా బిళ్లలు వేరు!" అన్నాడు డకెట్. "అవి డబ్బు కాదు. నా కొట్టులో సరుకు కోసం ఇచ్చే... ఇచ్చే..."

"చీటీలా?"

"అవును, చీటీలే!"

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందో లేదో, వెనక గోడ దగ్గర్నుంచి ఓ గొంతు లేచింది. పెద్ద బ్రెండన్ అనే బస్తాల కూలీ. "ఏంటయ్యగారూ, చీటీలా? ప్రతి శనివారం సగం జీతం కెటిల్ బిళ్లల్లో పోస్తూ 'డబ్బురా, లెక్కెట్టుకోండి' అన్నారే? అవి డబ్బు కాకపోతే మా సగం జీతమేదీ?"

"అదే అడుగు!"

"పోయిన శనివారానిది ఇవాళే ఇప్పించండి, వెండిలో!"

ఇరవైమంది ఒక్కసారి గోడ వదిలి ముందుకి జరిగారు. కానిస్టేబుల్ ఫైఫ్ కర్ర అడ్డం పెట్టాడు గానీ ఆ కర్ర వెనక ఆయన ఒక్కడే. డకెట్ ఒకసారి కూలీల వైపు చూశాడు, ఒకసారి మేజిస్ట్రేటు వైపు చూశాడు. డబ్బంటే జైలు, కాదంటే జీతాలు. మీసం మొన ఒకటి వంగిపోయింది.

"నిశ్శబ్దం!" అని అరిచాడు మేజిస్ట్రేటు. కాలు నొప్పెట్టినట్టుంది, తర్వాత మాట మెల్లగా అన్నాడు. "దొంగనాణేల నేరం కొట్టేస్తున్నాను. కానీ పెల్లోగారూ, అంతటితో అయిపోలేదు. ఎవడో మీ పేరు పెట్టుకుని ఊరిని మోసం చేస్తున్నాడు. అది నేరం కాదని నేననలేను. ట్రాంటర్, నువ్వు చేశావా?"

ఇనాక్ లేచాడు. సంకెళ్లతోనే చెయ్యి చాపాడు. ఒక పలచటి బిళ్ల ఇచ్చారు. కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. ఎంతసేపు చూశాడంటే, మేజిస్ట్రేటు దగ్గాడు.

"అయ్యా, ఇది నేను చేశానంటే జైలుకన్నా ఎక్కువ సిగ్గు నాకు. ఈ కత్తెర చూడండి. ఒక రెక్క పొడుగు, ఒకటి పొట్టి. దీంతో దారం కూడా తెగదు."

"కావాలనే పాడుచేసి ఉంటాడు!" అన్నాడు డకెట్, గొంతు కాస్త తగ్గించి.

"డకెట్‌గారూ, నేను బర్మింగ్‌హాంలో ఎందుకు దొరికిపోయానో తెలుసా? నా షిల్లింగు బాగాలేక కాదు. సర్కారువారిది అరిగిపోయి రాణిగారికి ముక్కు లేకుండా పోతుంటే, నా దాని మీద ముక్కు నిఖార్సుగా ఉందని పట్టుకున్నారు. అంత కష్టపడి నేర్చుకున్న పనిని దాచిపెట్టి, ఇలాంటి దాన్ని చెయ్యడానికి చెయ్యెలా వస్తుందండీ? పాడుగా పాడమంటే పాటగాడు కూడా ఎక్కడో ఓ చోట శ్రుతిలో పడిపోతాడు. దీన్లో ఒక్క గీత కూడా శ్రుతిలో లేదు."

మేజిస్ట్రేటు ఆ బిళ్లని మిగతావాటి పక్కన పెట్టాడు. తర్వాత, "వచ్చే శనివారం దాకా గడువిస్తున్నాను" అన్నాడు. "ఈలోగా ఇవి ఎక్కణ్ణుంచి పుడుతున్నాయో తేలాలి. తేలకపోతే మోసం నేరం కింద ఇతన్ని పై కోర్టుకి పంపడం తప్ప నాకు దారి లేదు. ఈ ఊళ్లో ఈ పని తెలిసినవాడు ఇతనొక్కడే. పూచీ ఎవరు?"

"నేను" అంది అమ్మగారు. "ఇంకో మాట కూడా ఇక్కడే, అందరి ముందూ చెప్తాను. సోమవారం పొద్దుట్నుంచి నా కొట్టుకి రండి. మంచి బిళ్ల తెచ్చినా, పలచటి బిళ్ల తెచ్చినా పూర్తి పెన్నీ విలువకి తీసుకుంటాను. పలచటిదానికి ఒకటే షరతు. అది మీకు ఎవరి చేతిలోంచి వచ్చిందో చెప్పాలి. నిజం చెప్పాలి."

కచేరీ అంతా ఒక్కసారి మాటల్లో పడింది. ఇనాక్ మాత్రం నోరు తెరిచి మూశాడు.

బయటికొచ్చాక, మెట్లు దిగుతుండగా ఆ నోరు మళ్లీ తెరుచుకుంది. "అమ్మగారూ, మీకేమైనా పిచ్చి పట్టిందా? ఎన్ని వచ్చాయో తెలీదు, ఇంకా ఎన్ని చేస్తున్నాడో తెలీదు. కొట్టు మునిగిపోతుంది."

"ఆ పేరు నేను వెయ్యకపోయినా పేరు నాదే కదా ఇనాక్. ఒక్కళ్లని వెనక్కి పంపితే రేపు మంచి బిళ్ల కూడా ఎవడూ ముట్టుకోడు. అప్పుడు నువ్వు జైల్లో, నేను వీధిలో."

"నేను చెయ్యలేదని అంత నమ్మకమేంటి మీకు?"

"నమ్మకం కాదు. నీ పొగరు నాకు తెలుసు. ఇంత పొగరున్నవాడు అంత చెత్తపని చెయ్యడు. పద, సోమవారానికి ఓ పెద్ద బాల్చీ కడిగిపెట్టు."

ఆయన మణికట్లు రుద్దుకుంటూ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. పళ్లు సగం లేవు.

* * *

సోమవారం పొద్దున కొండ మీద మంచు పడింది. గాలి సూదుల్లా ఉంది. అయినా ఎనిమిదింటికి తలుపు తీసేసరికి గుమ్మం ముందు నలభైమంది ఉన్నారు.

అమ్మగారు గల్లాపెట్టె ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కన ఇనాక్, కాళ్ల దగ్గర బాల్చీ. వచ్చినవాళ్ల బిళ్లని ముందు ఇనాక్ చేతిలోకి తీసుకుని మంచిదో చెడ్డదో చెప్తాడు. మంచిదైతే నా దగ్గరికొస్తుంది. చెడ్డదైతే అమ్మగారు అడుగుతుంది: "నీకెవరిచ్చారు?"

రొట్టెల కొట్టావిడకి సారాకొట్టు మెగ్ ఇచ్చిందట. మెగ్‌కి తిమింగిలాల ఓడ మీంచి దిగిన ఈటెగాడు ఇచ్చాడట. ఆ ఈటెగాడు పోయిన బుధవారమే దక్షిణ సముద్రానికి పోయాడు, మళ్లీ రెండేళ్లకి గానీ రాడు. చెప్పుల సామ్‌కి కసాయి ఇచ్చాడు, కసాయికి రొట్టెల కొట్టావిడే ఇచ్చింది. అలా ఊరంతా తిరిగి బిళ్ల మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చేది. బాల్చీ అడుగు నిండింది గానీ దారి దొరకలేదు.

గాఫ్నీ ముసలమ్మ ఓ బిళ్ల తెచ్చింది. ఇనాక్ చూసి అమ్మగారికి ఇచ్చాడు, నవ్వు బిగబట్టుకుని.

"అవ్వా, ఇది గుండీ."

"గుండీయే. రాయెట్టి సాపు చేశా. రాగి రాగే కదే తల్లీ!"

"నీకెవరిచ్చారు?"

"మా ముసలాడి కోటు."

"దీనికి డబ్బివ్వను గానీ సూదీ దారం ఇస్తా, తీసుకెళ్లి మళ్లీ కుట్టెయ్యి. ఈ చలిలో కోటు తెరుచుకుని తిరుగుతున్నాడా పాపం ఆయన?"

ముసలమ్మ సూదీ దారంతో పాటు అంచుకి కుట్టే లేసు కూడా ఓ ముక్క అడిగి పుచ్చుకుని వెళ్లింది.

పదకొండింటికి ఓ కుర్రసైనికుడు వచ్చాడు. మూడు పలచటివి బల్లమీద పెట్టి, అడక్కముందే, "డకెట్‌గారిచ్చారండి, స్వయంగా ఆయన చేత్తో" అన్నాడు.

వీధికి అవతల డకెట్ తన కొట్టు గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. ఇనాక్ ముందుకి వంగాడు. అమ్మగారు మాత్రం కదల్లేదు.

"ఎప్పుడిచ్చారు?"

"నిన్న మధ్యాహ్నమండి. పొగాకు కొన్నాను."

"నిన్న ఆదివారం. ఆదివారం డకెట్‌గారు తన కొట్టుకి మూడు తాళాలు వేసి చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు. ఎవరిచ్చారో చెప్తావా, బిళ్లలు తీసుకుని వెళ్తావా?"

వాడు నేలచూపులు చూశాడు. "పేకాటలో వచ్చాయండి. ఎవరి దగ్గరో గుర్తులేదు. ఆయన పేరు చెప్తే మీరు సంతోషిస్తారనుకున్నా."

"వెళ్లు."

వాడు వెళ్లాక ఇనాక్ ఆగలేకపోయాడు. "అమ్మగారూ, ఆ సాక్ష్యం మనకి పనికొచ్చేది! వాడు తనంతట తనే చెప్తుంటే..."

"శనివారం కోర్టులో ఆ అబద్ధం విరిగితే ముక్కలు ఎవరి మీద పడతాయి? నీ మీద. డకెట్ అంటే నాకు ఇష్టం లేదు. అంతమాత్రాన చెయ్యని పని ఆయన నెత్తిన పెట్టను. నిజం ఎవరి గురించైనా సరే, ఎంత చేదైనా సరే, నాకదే కావాలి. ఊ, తర్వాతెవరు?"

ఆ మాటంటున్నప్పుడు ఆవిడ చెయ్యి టేపుని చుడుతూ ఉంది. చలిలో బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. ఆ క్షణంలో ఆవిడ ఏం చెయ్యమంటే అది చేసేదాన్ని నేను.

మధ్యాహ్నానికి గుంపు పలచబడింది. అప్పుడొచ్చాడు ఓబెడ్ స్టాగ్. రేవులో బరకూడా అనే సముద్రపు చేపలమ్మే ముసలాయన. ఆయన రాకముందే ఆయన వాసన వస్తుంది. చెవుడు కాస్త ఉంది కాబట్టి ఊరంతా చెవిటిదన్నట్టు అరిచి మాట్లాడతాడు. ఆయన జీవితంలో అబద్ధమాడాడని ఎవరూ అనరు. చేప నిన్నటిదైతే నిన్నటిదనే చెప్పి అమ్మే మనిషి.

రుమాలు ముడి విప్పి ఏడు బిళ్లలు వరసగా పేర్చాడు. "ఇవి మీ షరతు బిళ్లలేనేమో చూడండి! నాకు చూపు ఆనదు!"

ఇనాక్ ఒకటి తీసుకున్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. ఏడూ చూశాడు. వేలు అంచుల వెంబడి నడిపించాడు. తర్వాత ఒకటి అమ్మగారి ముందు పెట్టాడు.

"అమ్మగారూ, ఏడూ పలచటివే. కానీ ఈ అంచు పట్టుకుని చూడండి. గీసుకుపోతోంది. ఇవి చేతులు మారలేదు. మీ బాల్చీలో ఉన్నవన్నీ జేబుల్లో తిరిగి తిరిగి నున్నబడ్డాయి. ఇవి మర మీంచి దిగి రెండు చేతులు కూడా దాటలేదు. ఈ ముసలాయనకిచ్చినవాడు చేసినవాడికి పక్కనే ఉన్నాడు."

కొట్లో ఉన్న పదిమందీ దగ్గరికి జరిగారు. గుమ్మం దగ్గర కాపలాకి నిలబడ్డ ఫైఫ్ కూడా లోపలికొచ్చాడు. అమ్మగారు కుర్చీలో ముందుకొచ్చి, ఒక్కో మాటా పెద్దగా, విడదీసి అడిగింది.

"ఓబెడ్! ఇవి నీకెవరిచ్చారు?"

"ఏంటి?"

"ఎవరిచ్చారు?"

"ఇక్కడే!" అని అరిచాడు ఓబెడ్. "గురువారం పొద్దున! ఫ్లానెల్ గుడ్డ కొన్నా, నడుం నొప్పికి చుట్టుకోడానికి! అయిదు పెన్నీలన్నారు! షిల్లింగిచ్చా! ఏడు వెనక్కిచ్చారు! రుమాల్లో కట్టా, ఇప్పుడే విప్పా!"

"ఇక్కడా? నా కొట్లోనా?"

"అవును! ఆ అమ్మాయే ఇచ్చింది!"

ఆయన వేలు నన్ను చూపిస్తోంది.

పదిమంది తలలూ తిరిగాయి. ఫైఫ్ కర్ర చేతిలో సర్దుకున్నాడు. ఇనాక్ నన్ను చూశాడు గానీ కోపంగా కాదు. అయోమయంగా చూశాడు, నాలుగేళ్లుగా రోజూ టీ అందించిన చెయ్యి ఇదేనా అన్నట్టు. నాకు కోపం రావాలి. అబద్ధమని అరవాలి. కానీ ఓబెడ్ స్టాగ్ అబద్ధమాడలేదు. ఆ ఫ్లానెల్ నేనే కోశాను. ఆ ఏడూ పెట్టెలోంచి తీసి నేనే ఆయన అరచేతిలో పెట్టాను. ఆ వారం ఇనాక్ కొత్త బిళ్లలు దించాడు కాబట్టి మెరుస్తున్నాయేంటని కూడా అనుకోలేదు.

అయితే ఆ ఏడూ ఇనాక్ దించినవి కావు. అవి పెట్టెలోకి ఎలా వచ్చాయో ఇప్పుడు, ఇంతమంది చూస్తుండగా, నాకు గుర్తొచ్చింది.

గురువారం పొద్దున, ఓబెడ్ రావడానికి అరగంట ముందు, మా ఆయన వచ్చాడు. పన్నెండు కత్తెర బిళ్లలు నా చేతిలో పోసి, ఇంటద్దెకి వెండి కావాలట, ఓ షిల్లింగివ్వమన్నాడు. మొగుడు తెచ్చిన చిల్లరని ఏ ఆడదైనా తూచి చూస్తుందా? పెట్టెలో పడేసి షిల్లింగిచ్చాను. బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు. డకెట్ గిడ్డంగిలో జీతం కింద ఇచ్చే బిళ్లలు కెటిల్ బొమ్మవి. కత్తెర బిళ్లలు, అవీ మర మీంచి దిగిన వేడి ఆరనివి, పన్నెండు ఒక్కసారే మలకీ చేతికి ఎలా వచ్చాయి?

అమ్మగారు కుర్చీలోంచి లేచింది. గల్లాపెట్టె చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చింది. కొలతల టేపు చుట్టడం ఆపేసింది.

"నిజమేనా నోరా? నువ్వే ఇచ్చావా?"

"నేనేనమ్మగారూ."

"సరే." గొంతులో కోపం లేదు, జాలీ లేదు. పొద్దుట్నుంచి నలభైమందిని ఏ గొంతుతో అడిగిందో అదే గొంతుతో అడిగింది. "నీకెవరిచ్చారు?"

గుమ్మం దగ్గర గంట మోగింది. మధ్యాహ్నం పూట నాకు రొట్టె, మాంసం ముక్కా తెచ్చివ్వడం మలకీకి అలవాటు. గుడ్డ కప్పిన గిన్నె చేత్తో పట్టుకుని, పల్లంగా దిగిన ఆ కుడి భుజంతో తలుపు నెట్టుకుంటూ, నన్ను చూసి నవ్వుతూ లోపలికొచ్చాడు.